ఆరో కుర్చీ ఎవరిది?

ఆగస్టు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే విషయం మీద ఉంటాయి: ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్లు చివరికి ఎవరిని ఉంచుకుంటాయి, ఎవరిని ఇంటికి పంపుతాయి? అందులోనూ వైడ్ రిసీవర్ల గురించే, అంటే ముందుకు పరుగెత్తి విసిరిన బంతిని పట్టేవాళ్ల గురించే ఎక్కువ. ఈసారి ఆ ఉత్తరాలన్నీ ఒక్కచోట పెట్టుకుని కూర్చున్నాను. నేను పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అభిమానిని. ఏటా వేసవిలో సెలవు పెట్టుకుని లాట్రోబ్‌లోని సెయింట్ విన్సెంట్ కాలేజీకి వెళ్తాను. 1966 నుంచి స్టీలర్స్ శిక్షణ శిబిరం అక్కడే. నా ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే అయినా లెక్క మాత్రం 32 జట్లకూ ఒకటే.

ప్రశ్న: ఏటా మా ఆఫీసు మిత్రులం జట్టు చివరికి ఉంచుకునే 53 మంది జాబితా తలా ఒకటి రాసి కవర్లో పెట్టి అంటిస్తాం. లైన్‌మెన్ (ముందు వరసలో అడ్డుకునేవాళ్లు), క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి విసిరేవాళ్ల) దాకా నా అంచనా సరిగ్గానే ఉంటుంది. రిసీవర్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఒకరో ఇద్దరో తప్పుతారు. ఈసారి ప్రీసీజన్‌లో (సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచుల్లో) అందరికంటే ఎక్కువ బంతులు పట్టిన కుర్రాణ్ణి రాశాను. వాణ్ణే తీసేశారు. నేను ఎక్కడ పొరపడుతున్నానంటారు?
— ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: మీరు బాగా ఆడేవాళ్లను పైనుంచి కిందికి వరస వేస్తున్నారండీ. మొదటి నలుగురి దాకా ఆ వరస పనికొస్తుంది. ఐదో మనిషి దగ్గర కోచ్‌లు వేసుకునే ప్రశ్నే మారిపోతుంది.

ముందు అంకెలు చూద్దాం. శిబిరంలో జట్టుకు 90 మంది దాకా ఉంటారు. వాళ్లలో రిసీవర్లు సాధారణంగా పదకొండు నుంచి పదమూడు మంది. ఆగస్టు చివర్లో ఒక మంగళవారం సాయంత్రం 4 గంటలకల్లా 90ని 53 చేయాలి. ఆ 53లో రిసీవర్లకు దక్కేవి ఐదు కుర్చీలు, మహా అయితే ఆరు. ఏడుగురిని ఉంచుకునే జట్లు అరుదు. అక్కడితో అయిపోలేదు. మ్యాచ్ రోజున యూనిఫాం వేసుకుని దిగేది 48 మందే, అదీ వాళ్లలో ఎనిమిది మంది అఫెన్సివ్ (దాడి వైపు) లైన్‌మెన్ ఉంటేనే, లేకపోతే 47. అంటే మీ ఐదో రిసీవరూ ఆరో రిసీవరూ ఆదివారం బట్టలు వేసుకోవాలంటే, వాళ్ల చేత చేయించడానికి ఏదో ఒక పని కోచ్ దగ్గర ఉండాలి. ముందున్న నలుగురూ బాగుంటే ఐదోవాడి వైపు బంతి రానే రాదు. మరి వాడు చేసే పనేమిటి?

కిక్‌లు, పంట్‌లు. బంతిని కాలితో తన్నే ఈ ఘట్టాల్లో దిగేవాళ్లనే స్పెషల్ టీమ్స్ అంటారు. స్పెషల్ టీమ్స్ కోచ్ అనే ఒకాయన ఉంటాడు, టీవీలో ఎప్పుడో గానీ కనపడడు. చివరి రెండు రిసీవర్ కుర్చీలూ నిజానికి ఆయన చేతిలో ఉంటాయి.

పంట్ సంగతి కొంచెం విప్పి చెప్తాను, ఎందుకంటే మొత్తం కిటుకు అక్కడే ఉంది. పంట్ అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడం. పంట్ కొట్టేటప్పుడు బంతి పాదాన్ని తాకేదాకా ముందుకు కదలడానికి వీలున్నది వరసలో రెండు చివర్లా నిలబడ్డ ఇద్దరికే. మిగతావాళ్లు ఆగాలి. ఆ ఇద్దర్నీ గన్నర్లు అంటారు. దూరంగా నిలబడి, ఎదురుగా తోసేవాణ్ణి తప్పించుకుని, నలభై యాభై యార్డులు ఒక్క ఊపున పరుగెత్తి, బంతి పట్టేవాడి ఒంటిమీద పడాలి. తప్పించుకోవడం, పరుగెత్తడం రిసీవర్ నేర్చిన విద్యే. ఒంటిమీద పడడం మాత్రం చిన్నప్పటినుంచీ వాడు తప్పించుకుంటూ వచ్చిన పని. ఈ రెండూ ఒక్కడిలో కలిస్తే వాడికి ఉద్యోగం దొరికినట్టే.

ఒక ఏడు నాకు ఇలాగే దెబ్బ తగిలింది. డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరూ తీసుకోని ఒక కుర్రాడు శిబిరంలో గాలిలో ఉన్న ప్రతి బంతినీ పట్టేవాడు. పేరు చెప్పను. లాట్రోబ్ గుట్ట మీద కూర్చున్న మా అందరికీ వాడంటే ప్రాణం. నా నోటుబుక్కులో వాడి పేరు కింద రెండు గీతలు గీసుకున్నాను. చివరి ప్రీసీజన్ మ్యాచ్‌లో, మొదటి క్వార్టర్‌లో, మొదటి పంట్‌కి బంతి మీదనుంచి చూపు తీసి చివర్లకేసి చూశాను. మావాడు సైడ్‌లైన్ మీద హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ చివర గన్నర్‌గా మరొకడు ఉన్నాడు, ఆగస్టంతా కలిపి రెండు బంతులు పట్టినవాడు. వాడికి ఎదురుగా ఇద్దరు. ఒకడు భుజం మీద చెయ్యి వేశాడు, రెండోవాడు తెల్లగీత అవతలికి తోసేశాడు. అలా తోసేస్తే వెంటనే లోపలికి రావాలి, లేకపోతే తప్పు. వాడు గీత మీద ఒక్క అడుగు వేసి, ఆ తోసినవాడి వీపు వెనకనుంచి లోపలికి దూరి, బంతి పట్టినవాడు రెండో అడుగు వెయ్యకముందే నడుము పట్టి పడేశాడు. చప్పట్లు పెద్దగా లేవు. మంగళవారం సాయంత్రం జాబితా వచ్చింది. వాడున్నాడు, మావాడు లేడు.

అప్పటినుంచీ నా నోటుబుక్కులో రిసీవర్ల పేజీకి మొదటి గడి పంట్, రెండోది కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను), మూడోది బంతి తీసుకుని వెనక్కి పరుగెత్తే రిటర్న్ పని. పట్టిన బంతులు నాలుగో గడిలో రాస్తాను.

ఇదేదో ఊరూపేరూ లేని కుర్రాళ్లకే వర్తిస్తుందనుకోకండి. డేరియస్ హేవార్డ్-బే 2009 డ్రాఫ్టులో ఏడో ఆటగాడిగా రైడర్స్‌కు వెళ్లినవాడు. అంత పైన ఎంపికైనవాడు 2014లో పిట్స్‌బర్గ్ వచ్చి 2018 దాకా నిలబడ్డాడు. చివరి రెండు సీజన్లలో అతను పట్టిన బంతుల్ని ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నిలబెట్టింది గన్నర్ పనే. న్యూ ఇంగ్లండ్ మ్యాథ్యూ స్లేటర్ సంగతి చూడండి. 2008లో ఐదో రౌండులో రిసీవర్ అని తీసుకున్నారు. పదహారు సీజన్లలో పట్టిన పాస్ ఒకే ఒక్కటి, 46 యార్డులు. ప్రో బౌల్‌కి (ఆ ఏటి మేటి ఆటగాళ్ల జట్టుకి) మాత్రం పదిసార్లు ఎంపికయ్యాడు. మీ కవర్లోని జాబితాలో అతన్ని ఎన్నేళ్లు వదిలేసి ఉండేవారో ఆలోచించండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ టెరెల్ ఓవెన్స్. 2012 ఆగస్టులో సీహాక్స్ శిబిరానికి వచ్చేనాటికి అతని పేరు మీద 15,934 యార్డులున్నాయి. వయసు 38. మొదటి ముగ్గురిలో చోటు దక్కకపోతే అతనికి అప్పగించడానికి ఇంకో పని లేదు. మూడు వారాలు తిరిగేసరికి పంపేశారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. కోచ్‌ను తప్పుపట్టడానికి మాత్రం ఏమీ కనపడలేదు.

కాబట్టి వచ్చే ఏడాది జాబితా రాసేటప్పుడు ముందు నలుగురి పేర్లు రాసుకుని పక్కన పెట్టేయండి. మిగిలిన ఏడు నుంచి తొమ్మిది మందిలో ఎవరు ఏ స్పెషల్ టీమ్‌లో మొదటి వరసలో నిలబడుతున్నారో చూసి, చివరి ఇద్దర్నీ అక్కడినుంచి ఎంచుకోండి.

ప్రశ్న: అన్నా, ప్రీసీజన్ గణాంకాలకు విలువే లేదంటావు. మరి విక్టర్ క్రూజ్ మాటేమిటి? వాడు ప్రీసీజన్ వల్లే కదా బయటపడ్డాడు?
— ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: క్రూజ్ పేరు తెస్తావని తెలుసు తమ్ముడూ, జెర్సీ ఉత్తరం కదా! 2010 ఆగస్టు 16న జెట్స్ మీద జయంట్స్ ఆడిన ప్రీసీజన్ మ్యాచ్ అది. మసాచుసెట్స్ యూనివర్సిటీ నుంచి వచ్చి, డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని జయంట్స్ కుర్రాడు క్రూజ్ 145 యార్డులు, మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. జట్టులో చోటు దొరికింది. మరుసటి ఏడాది, 2011లో, 82 బంతులు పట్టి 1,536 యార్డులు సాధించాడు. డిసెంబరు 24న అదే జెట్స్ మీద 99 యార్డుల టచ్‌డౌన్ కూడా అందులోదే. ఆ సీజన్ చివర సూపర్ బౌల్ గెలిచారు.

విలువ లేదని నేను అనను. ఆ అంకె ఎక్కడ పుట్టిందో చూడమంటాను. నాలుగో క్వార్టర్‌లో మూడో క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని, వారం తిరిగేసరికి ఆ జట్టులో ఉండని కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను కాపలా కాసేవాడు) ముందు పట్టుకుంటే, అది ఆరుసార్లు పట్టినా నా లెక్కలో ఒకటే. మొదటి క్వార్టర్‌లో, ఎదుటి జట్టు అసలు కార్నర్ ఎదురుగా ఉన్నప్పుడు మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) పట్టినది ఒక్కటైనా దాన్ని ఎర్ర సిరాతో రాసుకుంటాను. ఇప్పుడు ప్రీసీజన్ మ్యాచులు కూడా మూడే (2021కి ముందు నాలుగుండేవి). చూపించుకునే అవకాశం అంతకంతకూ తగ్గింది.

ఇంకొకటి. ఎవరు ఆడుతున్నారో చూడ్డం కంటే ఎవర్ని ఆడించడం లేదో చూస్తే త్వరగా తెలుస్తుంది. రెండో మ్యాచ్‌కి ఒక రిసీవర్ టోపీ పెట్టుకుని, ఒంట్లో ఏ గాయమూ లేకుండా సైడ్‌లైన్ మీద తిరుగుతుంటే వాడి కుర్చీ ఖాయమైపోయిందన్నమాట. నాలుగో క్వార్టర్ చివరి దాకా చెమటోడుస్తున్నవాడి కుర్చీయే ఇంకా గాలిలో ఉంది. క్రూజ్‌లాంటివాళ్లు దశాబ్దానికి ఒకరిద్దరు వస్తారు కాబట్టే వాళ్ల పేర్లు మనకు గుర్తుంటాయి. అలాంటి ఒక్క రాత్రి తర్వాత కూడా ఇల్లు చేరినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ప్రశ్న: డ్రాఫ్టులో ఏ రౌండు వరకు ఎంపికైన రిసీవర్ భద్రం?
— ఒక పాఠకురాలు, షార్లట్

జవాబు: మొదటి మూడు రౌండ్లవాళ్లను మొదటి ఏడాదిలో తీసేయడం దాదాపు ఉండదు. కళ్లు మూసుకుని రాసేయండి. నాలుగో రౌండువాడికీ అంతే, చాలావరకు. ఐదు నుంచి ఏడు దాకా ఎంపికైనవాళ్లు డ్రాఫ్టు కానివాళ్లతో సమానంగా పోటీ పడాల్సిందే. కాకపోతే, తీసేస్తే ఇంకో జట్టు ఎగరేసుకుపోతుందేమోనన్న భయం వాళ్లను కొంచెం కాపాడుతుంది.

2006లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఏడో రౌండులో, 252వ ఆటగాడిగా మార్కెస్ కోల్‌స్టన్ అనే రిసీవర్‌ని తీసుకున్నారు. శిబిరంలో అతన్ని చూశాక, ఆగస్టు చివర్లో ఏకంగా తమ పాత మొదటి రౌండు రిసీవర్ డాంటే స్టాల్‌వర్త్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. ఆ సీజన్‌లో కోల్‌స్టన్ 70 బంతులు, 1,038 యార్డులు. అందుకే ఖాయం అనుకున్న పై నలుగురి మీద కూడా ఆగస్టు ఆఖరి వారంలో ఒక కన్నేసి ఉంచాలి. ఒక్కోసారి అక్కడ కుర్చీ ఖాళీ అయి, కిందివాడు గట్టెక్కుతాడు.

ప్రశ్న: కిక్‌ఆఫ్ నిబంధనలు మార్చారు కదా. మీరు చెప్పే స్పెషల్ టీమ్స్ లెక్క ఇంకా పనిచేస్తుందా?
— ఒక పాఠకుడు, మినియాపొలిస్

జవాబు: మంచి ప్రశ్న. నా గళ్లు నేనూ దిద్దుకోవాల్సి వచ్చింది. 2024 నుంచి కిక్ కొట్టే జట్టులో పదిమంది ఎదుటి జట్టు 40 యార్డ్ గీత మీద నిలబడతారు. వాళ్లకు ఎదురుగా ఐదు యార్డుల దూరంలోనే రెండో జట్టు ఉంటుంది. బంతి నేలను తాకేదాకా లేదా దాన్ని ఎవరైనా పట్టుకునేదాకా ఈ రెండు వరసలూ కదలకూడదు. పూర్వం అరవై యార్డులు దౌడు తీసే వేగం అక్కరకొచ్చేది. ఇప్పుడు దగ్గర్నుంచి గుద్దుకునే పని, రక్షణ వైపు ఆడే లైన్‌బ్యాకర్లకూ సేఫ్టీలకూ సరిపోయే పని. సన్నటి రిసీవర్‌కి అక్కడ పూర్వమున్న చోటు తగ్గింది.

ఇంకోపక్క రిటర్నర్‌కి గిరాకీ పెరిగింది. బంతి ఎండ్ జోన్‌లోకి (మైదానం చివరి గడిలోకి) నేరుగా పోతే ఎదుటివాళ్లకు 2024లో 30 యార్డ్ గీత దగ్గర, 2025 నుంచి 35 దగ్గర ఇస్తున్నారు. అంత దూరం ఊరికే ఇచ్చుకోవడం ఎవరికిష్టం? అందుకే ఆడేట్టు కొడుతున్నారు, రిటర్న్‌లు పెరిగాయి. పైగా వెనక ఇద్దరు నిలబడొచ్చు. రిటర్న్ చేయగల ఆరో రిసీవర్‌కి ఇది వరం. పంట్ నిబంధనలు అలాగే ఉన్నాయి గనక గన్నర్ విలువ చెక్కుచెదరలేదు.

రిటర్న్ పని కుర్రాణ్ణి ఎలా బతికిస్తుందో మా ఊరి ఉదాహరణే ఉంది. 2010లో స్టీలర్స్ ఆరో రౌండులో, 195వ ఆటగాడిగా ఆంటోనియో బ్రౌన్‌ని తీసుకున్నారు. సెప్టెంబరులో టెనెసీ మీద మ్యాచ్ మొదలెట్టిన కిక్‌ఆఫ్‌లోనే, తోటివాడు చేతికందించిన బంతితో 89 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ సీజన్‌లో అతను ఆడింది 9 మ్యాచులు, పట్టింది 16 బంతులే. జనవరిలో బాల్టిమోర్ మీద ప్లేఆఫ్‌లో, మూడో డౌన్‌లో ఇంకా 19 యార్డులు కావాల్సి ఉండగా, 58 యార్డుల బంతిని హెల్మెట్‌కి అదిమిపెట్టి పట్టుకున్నాడు. ఆ పట్టు చూసినప్పుడు మా ఇంట్లో పడుకున్నవాళ్లు కూడా లేచారు. సెప్టెంబరులో రిటర్న్ పని లేకపోయుంటే జనవరిలో ఆ మనిషి అక్కడ ఉండేవాడో లేదో.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయికి పదకొండేళ్లు. శిబిరంలో ఒక రిసీవర్ వాడి టోపీ మీద సంతకం చేసి, ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఆ అబ్బాయిని తీసేశారని వీడు అన్నం ముట్టలేదు. తీసేస్తే ఇక అంతేనా? వాడికి ఏం చెప్పను?
— ఒక తల్లి, క్లీవ్‌లాండ్

జవాబు: అంతే కాదమ్మా. ఇది కాస్త జాగ్రత్తగా చదివి వాడికి చెప్పండి, పదకొండేళ్లవాడికి అర్థమయ్యే విషయమే.

మంగళవారం తీసేసినవాళ్లలో నాలుగు సీజన్లు పూర్తికానివాళ్లంతా వేవర్స్ అనే జాబితాలోకి వెళ్తారు. బుధవారం మధ్యాహ్నం 12 దాకా ఏ జట్టైనా వాళ్లను అడగొచ్చు. ఇద్దరు అడిగితే కిందటి సీజన్‌లో ఎక్కువ ఓడినవాళ్లకు ముందు అవకాశం. ఎవరూ అడగకపోతే ఆ ఆటగాడు తన ఇష్టం, ఎక్కడికైనా వెళ్లొచ్చు. అప్పుడు చాలామందిని తీసేసిన జట్టే పిలిచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకుంటుంది. జట్టుకు 16 మంది. జీతం తక్కువే: 2025లో కొత్త ఆటగాడికి 53లో ఉంటే ఏడాదికి కనీసం 8 లక్షల 40 వేల డాలర్లు, ప్రాక్టీస్ స్క్వాడ్‌లో అయితే వారానికి 13 వేలు. కానీ రోజూ అదే మైదానంలో అదే కోచ్‌ల ముందు ఉంటాడు. మ్యాచ్‌కి ఇద్దర్ని దాకా అక్కడినుంచి పైకి తేవచ్చు, ఒక్కొక్కర్ని సీజన్‌లో మూడుసార్లు.

పైగా మంగళవారం 53 వేరు, గురువారం 53 వేరు. గాయపడ్డవాళ్లను పక్కన పెట్టి, ఇతర జట్లు వదిలేసినవాళ్లను తెచ్చుకుని, జట్లు రెండు రోజుల్లో జాబితా కిందిభాగం తిరగరాస్తాయి. మేము కవర్లలో పెట్టుకునే పందాలన్నీ మంగళవారంతో ఆగిపోతాయి గానీ ఆటగాళ్ల బతుకు అక్కడ ఆగదు.

వెస్ వెల్కర్ అనే ఆయన 2004లో శాన్ డియేగో జట్టులో చోటు సంపాదించి, ఒక్క మ్యాచ్ కాగానే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మయామీ పిలిచింది. తర్వాత న్యూ ఇంగ్లండ్‌లో ఐదు సీజన్లు వందకు పైగా బంతులు పట్టాడు. ఆడం థీలెన్ కథ మీవాడికి ఇంకా నచ్చుతుంది. మినెసోటాలో మాన్‌కేటో అనే ఊళ్లో, అప్పట్లో వైకింగ్స్ శిబిరం జరిగిన కాలేజీలోనే చదువుకున్నాడు. 2013లో డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. వచ్చి ఒకసారి పరుగెత్తి చూపించు అని పిలిస్తే వెళ్లాడు. ఆ సీజన్ మొత్తం ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనే. మరుసటి ఏడాది 53లోకి వచ్చింది కూడా స్పెషల్ టీమ్స్ పని చేసే. 2018లో వరసగా మొదటి ఎనిమిది మ్యాచుల్లోనూ వంద యార్డులు దాటించాడు.

మీ అబ్బాయి చేత ఒక పని చేయించండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ప్రాక్టీస్ స్క్వాడ్‌ల జాబితాలు బయటికొచ్చేసి ఉంటాయి. సొంత జట్టుది ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 32 జట్లవీ, రిసీవర్ల పేర్లు మాత్రం, వేలు పెట్టి చదవమనండి. ఆ సంతకం చేసినాయన పేరు దొరికితే నాకు ఒక కార్డు ముక్క రాయమనండి, ఏ జట్టో కూడా.